దృశ్యగీతమున శబ్దార్థములు: జనగణమనగీత విమర్శ

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు ద్వివిధమని మన యాలంకారికులు విభజించిరి. నాటకము దృశ్యము, తక్కినది శ్రవ్యము. గేయము శ్రవ్యముననే చేరియుండెను. ఇప్పుడు లోకమున మ్యూజిక్ వీడియో యను పేర వ్యవహరింపబడు ప్రక్రియ యీ రెండింటి నడుమ బుట్టినది. ఇందు పాటయే ప్రధానము. కథ యుండదు, ఉన్నను లేశమాత్రము. పాట ముగియుటతోడనే చిత్రమును ముగియును. నాటకమునందు పాట కథకు నంగము. ఇందు చిత్రమే పాటకు నంగము. దీనిని ఈ వ్యాసమున దృశ్యగీతమని పేర్కొనెదను.

ఇది వినోదమాత్రమని పండితులు దీని నుపేక్షించుట కలదు. ఆ యుపేక్ష యిప్పుడు చెల్లదు. పూర్వము బాలుడు పాటను ముందు వినెడివాడు. అర్థము పిదప దెలిసెడిది. రూపమును తన మనస్సున దానే కల్పించుకొనెడివాడు. నేటి బాలుడు పాటను వినుటకు మునుపే చూచుచున్నాడు. పదముల యర్థము నెలకొనుటకు ముందే పరకల్పితమగు రూపము వాని మనస్సున నెలకొనుచున్నది. కావున చిత్రము పదమున కేమి చేయుచున్నది, అర్థమును పెంచునా త్రుంచునా యను ప్రశ్న సాహిత్యశాస్త్రమునకు సంబంధించినదే కాక, తరగతిలో పద్యము చెప్పు ప్రతి పండితునకును సంబంధించినది.

ఈ ప్రశ్నను విచారించుటకు జనగణమనగీతమును గ్రహించుచున్నాను. కారణములు రెండు. పదములు అందరకును గంఠస్థములు కావున చిత్రము క్రొత్తగా జేర్చిన దేదియో స్పష్టముగా గనబడును, ఇది మొదటిది. ఈ గీతచరిత్రమున మన మదనపల్లెకు స్థానము కలదు, ఇది రెండవది.

రవీంద్రనాథ ఠాకూరు రచించిన యీ గీతము 1911 డిసెంబరు 27వ తేదీని కలకత్తా కాంగ్రెసు సభలో మొదట బాడబడెను. మరుసటి జనవరిలో తత్త్వబోధినీ పత్రికలో బ్రకటింపబడెను. 1919 ఫిబ్రవరిలో కవి మదనపల్లెకు విచ్చేసి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో విడిసెను. ఆ కళాశాలకు ఐర్లండు దేశపు గవి జేమ్సు కజిన్సు అధ్యక్షుడు. కవి వారియెదుట దీనిని బాడెను. అచ్చటనే దీనిని ‘భారత ప్రభాతగీతము’ అను నర్థమిచ్చు శీర్షికతో నింగ్లీషున బరివర్తించెను. పాశ్చాత్యసంగీతమునం దారితేరిన మార్గరెటు కజిన్సు దీనికి స్వరలిపి గూర్చెను. పిమ్మట 1950 జనవరి 24వ తేదీని రాజ్యాంగసభ యీ గీతముయొక్క ప్రథమచరణమును జాతీయగీతముగా నంగీకరించెను.

మదనపల్లె వృత్తాంతమున మన విచారమున కక్కరకు వచ్చు నంశ మొకటి యున్నది. కజిన్సు దంపతులు తమ స్వీయచరిత్రలో ఆ మొదటి శ్రవణమును వర్ణించుచు, దేశములు, పర్వతములు, నదులు వరుసగా జెప్పు నీ పాట తమకు తొలుత భూగోళపాఠమువలె దోచినదనియు, పల్లవివంటి జయశబ్దము వచ్చినపుడు తమ చెవులు నిక్కినవనియు దాత్పర్యముగా జెప్పిరి. వంగభాష నెఱుగని శ్రోతల యనుభవ మిది. చిత్రములేదు, పదార్థజ్ఞానమును పూర్తిగా లేదు, నామములును నాదమును మాత్రమే కలవు. ఆ రెండింటితోనే గీతము వారి హృదయమున బ్రవేశించినది. భూగోళపాఠమని తోచిన దేది గీతముగా మాఱినదో గుర్తించినచో దృశ్యగీతమునకు గావలసిన సూత్రము లభించును.

ప్రథమచరణమున ఏడు దేశనామములు, రెండు పర్వతములు, రెండు నదులు, ఒక సముద్రము కలవు. దేశనామముల వరుస యాదృచ్ఛికము కాదు. అది వాయవ్యమున మొదలై, పశ్చిమతీరము వెంబడి దిగి, దక్షిణమును దాకి, తూర్పుతీరము వెంట నెక్కి వంగమున నిలుచును. శ్రోతయొక్క మనస్సు ఆ నామములతో బ్రయాణము చేయును. పటము చూపకయే పటము దెలియును. ఇది శబ్దముయొక్క శక్తి. అయితే ఈ శక్తి యెట్టిది? చిత్రమున కది సాధ్యమా?

ఇచ్చట మన శాస్త్రకారుల పాతవివాద మొకటి జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ‘గోవు’ అను పదమున కర్థమేమి? జాతియని మీమాంసకులు; ద్రవ్యమని వ్యాడి; వ్యక్తి, ఆకృతి, జాతి యను మూడును గలసి పదార్థమని గౌతముడు. ఈ వివాదమునకు మనసీమలోనే చక్కని యుదాహరణ మున్నది. గోవనగానే తెలుగుదేశమున నొంగోలు సీమవాడు ఎత్తైన మూపురముగల మహాకాయమును దలచును. పుంగనూరు గోవు నెఱిగినవాడు మూడడుగులకు మించని పొట్టియావును దలచును. పదమొక్కటే, అది యిరువురకును జాలినది. కాని చిత్రకారుడు గోవును జూపదలచినచో జాతిని జూపజాలడు. ఒంగోలు గోవునో, పుంగనూరు గోవునో, అందును ఫలానా యొక గోవునో చూపవలసినదే. శబ్దము జాతిని స్పృశించి వ్యక్తిని శ్రోతకు విడిచిపెట్టును; చిత్రము వ్యక్తిని జూపి జాతిని ప్రేక్షకునకు విడిచిపెట్టును. రెండును అసంపూర్ణములే. అసంపూర్ణత వేర్వేరు దిక్కుల నుండుటచేతనే వాని కలయిక ప్రయోజనవంతమగుచున్నది.

ఈ కలయిక మూడు విధముల నుండునని నా యభిప్రాయము. పదము చెప్పినదానినే చిత్రము మరల జూపుట యనువాదము. పదమునకు బదులుగా నేర్పఱిచిన చిహ్నమును జూపుట సంకేతము. పదము చెప్పక విడిచినదానిని చూపుట పూరణము. 1988 ఆగష్టు 15వ తేదీని దూరదర్శన్ ప్రసారముచేసిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ యను దృశ్యగీతమున మొదటి విధము ప్రధానము. ఒకే భావమును దేశభాషలయందు వరుసగా బలికించి, ఆయా భాషకు దగిన దృశ్యమును జతచేసిరి. మలయాళమునకు ఏనుగు, వంగభాషకు కలకత్తా మెట్రో రైలు. భాష దేశమును జెప్పును. దృశ్య మాదేశమునే మరల జెప్పును. ఇందు తెలుగునకును వాక్యమొకటి దక్కినది. జనులకీ పాట మిక్కిలి ప్రియమైనదను మాట సత్యము. కాని ఏనుగును జూచి కేరళమును గుర్తించినవాడు తానెఱిగినదానినే మరల నెఱిగెను. క్రొత్తయర్థ మేమియు బుట్టలేదు.

అయినను ఆ గీతముననే యనువాదమును మీఱిన స్థల మొక్కటి యున్నది. సముద్రతీరమున నిలిచి తమిళవాక్యమును బాడినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఆయన గోదావరీమండలమున జన్మించిన తెలుగువారు. పదము తమిళము, గళము తెలుగు. ఈ సంగతి యెఱిగిన ప్రేక్షకునకు ‘ఒక భాషకొక దేశము, ఒక దేశమున కొక ముఖము’ అను విభాగము క్షణకాలము చెదరి, ఆ పాట చెప్పదలచిన స్వరసంగమము అచ్చట నిజముగా సిద్ధించును. కర్త లుద్దేశించినను ఉద్దేశింపకున్నను, అది పూరణమే.

సంకేతవిధమునకు న్యాయస్థానమే యుదాహరణము గల్పించినది. 2016 నవంబరు 30వ తేదీని సుప్రీంకోర్టు, చిత్రప్రదర్శనశాలలలో ప్రదర్శనకు ముందు జాతీయగీతము వినిపింపవలెననియు, ఆ సమయమున తెరమీద జాతీయపతాకమును జూపవలెననియు నాజ్ఞాపించెను. 2018 జనవరిలో ఆ నిర్బంధము తొలగింపబడినది. పతాకము వ్యక్తి కాదు, ఏర్పాటుచేసికొన్న చిహ్నము. అది పదములలో నేయొక్కదానిని వివరింపదు. గీతమంతటికిని నొక్కటే యర్థమును ముద్రవేయును. గౌరవమున కది చాలును. కాని కావ్యార్థమున కది యుపకరింపదు. నదీనామము వచ్చినను పర్వతనామము వచ్చినను కన్నులయెదుట నున్నది యొక్కటే యైనపుడు కన్ను చెవికి సహకరించుట లేదు; కేవలము కావలి గాయుచున్నది.

ఇక ప్రకృతము. గణతంత్రముయొక్క యేబదియవ సంవత్సరమును బురస్కరించుకొని 2000 జనవరిలో ఏ. ఆర్. రహ్మాను సంగీతము గూర్పగా, భరత్‌బాలా సంస్థవారు జనగణమన దృశ్యగీతమును వెలువరించిరి. గాత్రరూప మొకటి, వాద్యరూప మొకటి యని యది రెండు తెఱగులు. గాత్రరూపమున డి. కె. పట్టమ్మాళ్, భీమసేన జోషి, లతా మంగేష్కర్, బాలమురళీకృష్ణ, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము మొదలగు గాయకు లొకరివెంట నొకరు గీతఖండములను బాడి, తుద నందఱును గలియుదురు. వాద్యరూపమున హరిప్రసాద చౌరసియా, అమ్జద్ అలీఖాన్, శివకుమార శర్మ, మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాసు మొదలగువారు వాయించిరి.

ఈ చిత్రముయొక్క మొదటి గుణ మేమనగా, ఇది నామములకు వెంబడి పరుగెత్తలేదు. గంగయనగానే గంగను, వింధ్యయనగానే వింధ్యను జూపు క్రమము నవలంబించినచో కజిన్సు దంపతులకు దొలుత దోచిన భూగోళపాఠము మరల సిద్ధించెడిది. ఆ క్రమమును విడిచి చిత్రము ముఖముల నాశ్రయించినది. పదము దేశమును జెప్పుచుండగా కన్ను మనుష్యుని జూచుచున్నది. నామమునకును ముఖమునకును సంబంధమేమని ప్రేక్షకుని మనస్సు క్షణమాత్రము వెదకును. ఆ వెదకుటయందే వ్యంగ్యార్థము పుట్టును: దేశమనగా నేల మాత్రము కాదు, దానిని బలుకు గళము. ఇది పదములలో వాచ్యముగా లేదు. చిత్రమునందును వాచ్యముగా లేదు. రెండింటి సంయోగమున ధ్వనించుచున్నది. ఆనందవర్ధనుని మతమున వాచ్యమును మించి వ్యంగ్యము ప్రకాశించినచోట నుత్తమకావ్యము గదా. అనువాదచిత్రము వ్యంగ్యమును లాగి వాచ్యము చేయును. పూరణచిత్రము వ్యంగ్యమునకు తావిచ్చును.

రెండవ గుణము మొదటిదానికంటె గంభీరము. గీతము దేశమును వరుసగా జెప్పును, కాలమును జెప్పదు. చిత్రము కాలమును జేర్చినది. పట్టమ్మాళ్ 1919 మార్చిలో, అనగా మదనపల్లెలో ఈ పాటకు స్వరలిపి యేర్పడిన మరుసటి నెలలో జన్మించినది. చిత్రము వెలువడునాటికి ఆమె యెనుబదియేండ్ల వృద్ధ. ఆమె మనుమరాలు నిత్యశ్రీ యును ఇందే పాడినది. వాద్యరూపమున అమ్జద్ అలీఖాన్ తన కుమారులతో గూడ గనబడును. ముడుతలుపడిన ముఖమును, యౌవనమందలి ముఖమును నొకే గీతమును బలుకుచుండగా, విద్య యొక తరమునుండి మఱియొక తరమునకు సంక్రమించుట కన్నులకు గట్టును. పదములు పశ్చిమమునుండి పూర్వమునకు నడచుచుండగా రూపములు తాతలనుండి మనుమలకు నడచుచున్నవి. దేశము శబ్దముయొక్క పాలు, కాలము చిత్రముయొక్క పాలు. ఈ పంపకమే యీ కృతియొక్క సారము.

ఇచ్చట తెలుగువాని మనస్సున జిరకాలముగా నున్న శంక యొకటి విచారింపదగినది. గీతమున ఉత్కలము కలదు, వంగము కలదు, ఆంధ్రనామము లేదు. ఇంగ్లీషుననువదింపబడిన చోటు తెలుగుగడ్డయే యైనను, ఆ గడ్డ ద్రావిడశబ్దమున నణగియున్నది. ఇది న్యూనతయా? శాస్త్రదృష్టి జూచిన గాదు. ఆంధ్ర, ద్రావిడ, కర్ణాట, మహారాష్ట్ర, గుర్జరములు పంచద్రావిడములని సంప్రదాయము. అందు మహారాష్ట్ర గుర్జరములు గీతమున వేఱుగా బేర్కొనబడినవి. సామాన్యశబ్దముతోబాటు విశేషశబ్దమును బ్రయోగించినపుడు సామాన్యశబ్దము తక్కినవానియందు నిలుచునని గోబలీవర్దన్యాయము. కావున నిచ్చట ద్రావిడశబ్దము దక్షిణదేశభాషల కన్నింటికిని సమముగా జెందును. పైగా గీతప్రయాణము పడమటనుండి తూర్పునకు మరలుచోట, మలుపురాయివలె నున్నది యీ శబ్దమే.

ఈ యర్థము కేవలము శాస్త్రచర్చ కాదనుటకు కుప్పము సాక్ష్యము. తెలుగు, తమిళ, కన్నడ దేశములు మూడును గలియు నా మూలలో సంతకు బోయినవాడు మూడుభాషలు వినును. అచ్చటనే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. కుప్పమువానికి ద్రావిడశబ్దము పరదేశనామము కాదు, ఇంటిపేరు. అయినను శాస్త్రము శంకను దీర్చునే కాని హృదయమును దృప్తిపఱుపదు. పేరు వినవలెనని చెవి కోరును. ఆ కోరికను 2000 నాటి చిత్రము వేఱువిధమున దీర్చినది. ఆంధ్రనామము వినబడదు; కాని బాలమురళిముఖము కనబడును, నెల్లూరివారైన బాలసుబ్రహ్మణ్యముగారి ముఖము కనబడును. శబ్దమున నణగిన వ్యక్తి రూపమున బయల్పడినది. వాద్యరూపమున నిది మఱింత స్పష్టము. అచ్చట పదములే లేవు కావున నామమున్నవారు, నామము లేనివారు అను భేదమే లేదు. శ్రీనివాసుని మాండొలిను మ్రోగుచుండగా విననగు పదములు ప్రేక్షకుని లోపలివే.

గుణములు చెప్పితిని, దోషములు చెప్పకున్న విమర్శ కాదు. మొదటి దోషము పాత్రసంగ్రహమున నున్నది. గీతముయొక్క తొలిపదమే జనసమూహమును బేర్కొనుచున్నది. చిత్రమునందలివారో, విద్వద్గాయకులు, విఖ్యాతవాదకులు. జనులు లేరు. ఇదే సంస్థవారు, ఇదే సంగీతకర్త 1997లో వెలువరించిన వందేమాతర దృశ్యగీతమున సామాన్యులకు జోటిచ్చిరి. జనగణమనమున మాత్రము ప్రతినిధులే మిగిలిరి. ఒక్కొక్క ప్రాంతమునకు బ్రఖ్యాతుడొకడు పూచీయైనపుడు, పుంగనూరు సంతలో పాడు బిచ్చగాని గళమునకు, మదనపల్లె బడిలో వరుసదీరి శ్రుతితప్పినను మనసార పాడు బాలురకు నందు దావు లేదు. విద్వత్తు జనముయొక్క ఫలమే కాని జనము కాదు.

రెండవది ప్రభాతభావలోపము. మదనపల్లెలో కవి తన పాటకు ప్రభాతగీతమని పేరిడుటకు గారణము ప్రథమచరణమున గానరాదు. రాత్రి గడచుట, ఉదయము గలుగుట తుదిచరణమునందలి భావములు. జాతీయగీతముగా బాడబడునది ప్రథమచరణ మొక్కటే యగుటచే, కవియిచ్చిన యా పేరు నేడు పదములనుండి యూహింపరానిది. పదములు విడిచినదానిని బూరించుట చిత్రధర్మమని పైన జెప్పితిని. ముఖములయందే దృష్టినిలిపిన యీ చిత్రమున నుదయమునకు బ్రాధాన్యము లేదు. ఆ పూరణము మఱియొక చిత్రకారునికై మిగిలియున్నది.

చిత్రమున కెన్నటికిని సాధ్యముకాని దొకటి కలదు. దానిని దోషమనరాదు, హద్దనవలెను. గీతమున సింధునామము కలదు. 1947లో సింధురాష్ట్రము పాకిస్థానమున జేరినది. ఆ నామమును దొలగింపవలెనని వచ్చిన యర్జీని 2005లో సుప్రీంకోర్టు నిరాకరించెను. శాసనపటమున నిటులేని నేల గీతమున నున్నది. అచ్చటినుండి వచ్చి యిచ్చట వసించు సింధీజనులయందును, వారి భాషయందును ఆ పదము జీవించుచున్నది. వ్యక్తి తొలగినను జాతి నిలుచుననుటకు, మీమాంసకుల పక్షమున నింతకంటె బలవత్తరమైన నిదర్శన ముండబోదు. యంత్రనేత్రము ఉన్నదానినే పట్టగలదు. పోయినదానిని నిలుపునది పదమే.

కావున నిర్ణయమిది. దృశ్యగీతమున చిత్రము పదముయొక్క నీడవలె వెంబడించినచో నర్థము సంకుచితమగును; పదము విడిచిన తావున నిలిచినచో విస్తృతమగును. చిత్రము మంచిదో చెడ్డదో తెలియుటకు బండితు డొక్క పరీక్ష చేయవచ్చును. కన్నులు మూసికొని పాటను వినవలెను. పిదప చెవులు మూసికొని చిత్రమును జూడవలెను. తుదకు రెండును గలపి యనుభవింపవలెను. మూడవయనుభవము మొదటి రెండింటి మొత్తముకంటె నధికమైనచో అది పూరణము; మొదటిదానితో సమానమైనచో అనువాదము; తక్కువైనచో పదమునకు గీడు జరిగినదని నిశ్చయింపవచ్చును. 2000 నాటి కృతి, చెప్పిన దోషములతో గూడ, ఈ పరీక్షకు నిలుచును.

పాఠశాలలయందు క్రమము మాత్రము తప్పరాదు. ముందు శ్రవణము, పిదప నర్థము, తరువాతనే దర్శనము. 1919లో మదనపల్లె శ్రోతలకు చిత్రము లేకపోవుట లోపమైనట్లు తోచదు; వారు తమ లోచూపుతో జూచిరి. ఆ లోచూపు మన విద్యార్థులకు గలుగకమునుపే తెరను వారియెదుట బఱచితిమేని, ఎంత మంచి చిత్రమైనను వారి కల్పనాశక్తికి బదులుగా నిలుచునే కాని తోడుగా నిలువదు. పదముయొక్క గోవు ముందు వారి మనస్సున బుట్టవలెను. అది యొంగోలుదో పుంగనూరుదో చిత్రకారుడు పిదప జూపవచ్చును. ఈ క్రమము యుక్తమగునో కాదో విజ్ఞులు తమ తరగతులయందు బరీక్షించి నిర్ణయింతురు గాక.